చూరు నీరు ఎక్కడ పడుచున్నది?

ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 22:8, యాకోబు 2:15-16



నైరుతి వానలు మరలిపోయిన పిమ్మట మన నరసరావుపేట ప్రాంతములకు బంగాళాఖాతపు వాయుగుండములు వచ్చును. దినముల తరబడి ముసురు విడువదు. దాని వెంటనే మార్గశిర, పుష్యమాసముల చలి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాది ప్రాణములు పోయినవి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను మన పొరుగున బాపట్ల దగ్గరనే తీరము దాటినది. కావున తాటాకు మార్పించుట, రేకులు బిగించుట, పిడకలు తడియకుండ లోపల చేర్చుట మొదలైన పనులు మన ఇండ్లలో ఏటేట జరుగుచున్నవి.

దేవుడే కాపాడునని నమ్మువారికి ఇంత సిద్ధపాటు ఎందుకని కొందరు అడుగుదురు. పౌలు చెరసాలలో మరణమునకు సిద్ధపడియుండియు, త్రోయలో విడిచిన అంగీని తెమ్మనియు, చలికాలమునకు ముందే రమ్మనియు తిమోతికి వ్రాసెను (2 తిమోతి 4:13, 21). తన ప్రాణమును దేవుని చేతికి అప్పగించినవాడు తన వీపునకు వస్త్రము అడుగుటకు సిగ్గుపడలేదు. సిద్ధపడుట అవిశ్వాసము కాదు.

అయితే ఇంతకంటె కష్టమైన ప్రశ్న ఒకటి యున్నది. మనము సిద్ధపరచవలసిన ఇల్లు ఎంతవరకు? మన గోడలవరకేనా?

ఇశ్రాయేలీయుల ఇండ్లు మన మిద్దెలవలె చదునైన కప్పులు గలవి. క్రొత్త ఇంటికి పిట్టగోడ కట్టవలెనని మోషే ధర్మశాస్త్రము విధించినది. ఆ గోడ వానను ఆపదు, చలిని ఆపదు. ఎవరైనను పైనుండి పడి చనిపోయినయెడల ఆ దోషము ఇంటిమీదికి వచ్చునని దేవుడు హెచ్చరించెను. అనగా మన ఇంటివలన ఇతరులకు కలుగు హానిని గూర్చియు ఆయన మనలను లెక్క అడుగును.

ఇప్పుడు మన పేటల సంగతి చూతము. పాత కప్పు తీసి రేకులు వేసినప్పుడు నీరంతయు వేగముగా ఒక్క వరుసన దిగును. ఆ వాలు పొరుగువాని మట్టిగోడవైపున్నయెడల గోడ అడుగు నానును. నానిన గోడ వెంటనే పడదు. వాన వెలిసిన తరువాత ఒక రాత్రి కూలును. ప్రక్కన నిద్రించువారికి లేచు వ్యవధి యుండదు. మన నల్లరేగడి నేల తడిసి ఉబ్బును, ఎండి బీటలు వారును. గోడలు పగులుటకు అదియు ఒక కారణము. మన వాకిలి మెరక చేసికొనినప్పుడు ఆ నీరు ఎవరి గుమ్మములోనికి పోవుచున్నది? మా ఇంట చుక్క పడలేదని స్తోత్రము చెల్లించు మనము, ఆ చుక్క ఎక్కడ పడినదో కూడ చూడవలెను.

ఎవరి ఇల్లు వారు చూచుకొనిన చాలదా యని అడుగవచ్చును. స్వంత ఇంటివారిని పోషించుట మొదటి ధర్మమని పౌలే బోధించెను (1 తిమోతి 5:8). ఒక్క బరకము మాత్రమే కొనగల కూలివాడు దానిని ముందుగా తన పిల్లలకు కప్పుట న్యాయమే. దేవుడు లేనిదానిని అడుగడు. కాని నీరు మళ్లించు బోదె తీయుటకు డబ్బు అక్కరలేదు, పార చాలును. కప్పు ఎక్కలేని విధవరాలికి మన యౌవనులు ఒక పూట పని చేసిన చాలును. చలికాచుకొనుమని నోటితో చెప్పి పంపివేయుటవలన ప్రయోజనమేమని యాకోబు అడుగుచున్నాడు.

కావున ఈ వారమే మనలో ప్రతివాడును తన చూరు క్రింద నిలిచి, నీరు పోవు దారిని చివరివరకు చూచునుగాక. నానిన గోడల ప్రక్కనుండి మంచములు జరిపింతము. తుపాను హెచ్చరిక వినబడగానే, బలహీనమైన ఇండ్లవారిని మనమే పోయి పిలుచుకొని వత్తము. వారు అడుగువరకు ఆగరాదు. అక్కరలో నున్నవారికి అడుగుటకు సిగ్గు. గాలివానలో మనకు ఆశ్రయమైన ప్రభువు, మన ఇండ్లను ఇతరులకు ఆశ్రయముగా చేయునుగాక. ఆమేన్.