ఇంజిన్ కొత్తది, నంబరు పాతదే



మా వీధిలో ఒక పెద్దాయన తన గ్యారేజీలో 1969 నాటి షెవర్లే కమారో కారును తిరిగి కడుతున్నారు. శనివారాల్లో నేను వెళ్లి స్పానర్లు అందిస్తుంటాను. పాత ఇంజిన్ తీసేసి 6.2 లీటర్ల ఎల్ఎస్3 ఇంజిన్ బిగించారు. దాని బలం 430 హార్స్‌పవర్. కార్బ్యురేటర్ పోయి కంప్యూటర్ నడిపే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. అంత వేగాన్ని పాత డ్రమ్ బ్రేకులతో ఆపడం కష్టం కాబట్టి నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు వేశారు. బాడీ మెలిపడకుండా కింద ఉక్కు కడ్డీలు వెల్డింగ్ చేశారు. పాత రూపంలో కొత్త భాగాలున్న ఇలాంటి బండ్లను ఇక్కడ రెస్టోమాడ్ అంటారు.

ఒకరోజు ఆయన్ని అడిగాను: "ఇన్ని మార్చాక ఇది ఇంకా ఆ కారేనా?"

ఆయన ముందు అద్దంలోంచి డాష్‌బోర్డు ఎడమ మూలను చూపించారు. అక్కడ ఒక చిన్న లోహపు పలక, దాని మీద అంకెలూ అక్షరాలూ కలిపి 13. అదే బండి గుర్తింపు నంబరు. "ఏదైనా మారుస్తాను, దీన్ని మాత్రం ముట్టుకోను" అన్నారు. బండి గుర్తు దాచడానికి ఆ నంబరు చెరిపేస్తే అమెరికాలో ఫెడరల్ నేరం. బండి యాజమాన్యం ఆ నంబరు మీదే ఉంటుంది. తీరని లోన్ ఉంటే అదీ ఆ నంబరు వెంటే వస్తుంది. ఇంజిన్ మార్చినంత మాత్రాన అప్పు మాఫీ కాదు.

ఆ మాట నన్ను ఇంటిదాకా వెంటాడింది. ఎందుకంటే హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో నా రూమ్‌మేట్ దగ్గర 40 వేలు తీసుకుని తిరిగి ఇవ్వలేదు. తరువాత ప్రభువును తెలుసుకున్నాను, బాప్తిస్మం పొందాను, పాత మనిషి చనిపోయాడని సంఘంలో సాక్ష్యం చెప్పాను. అతను రెండుసార్లు మెసేజ్ పెట్టాడు. నేను జవాబివ్వలేదు. అదంతా పాత జీవితం అనుకున్నాను.

మిమ్మల్ని కూడా ఈ ప్రశ్న అడుగుతున్నాను. క్రీస్తులో నూతన సృష్టి అయినవాడు పాత మనిషి చేసినదానికి బాధ్యుడా?

కాదంటే, మన మారుమనస్సు నంబరు చెరిపేయడం లాంటిదే. పాపం నాదని ఒప్పుకుని క్షమాపణ పొందినవాణ్ణి, బాకీ దగ్గరికి వచ్చేసరికి అది వేరొకరిదని ఎలా అనగలను?

జక్కయ్యను చూడండి. యేసు ముందుగా అతని ఇంటికి వచ్చాడు. ఆ తరువాతే అతను అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. కృపను కొనడానికి ఇవ్వలేదు, కృప దొరికింది కాబట్టి ఇచ్చాడు. ఒనేసిము విషయంలోనూ అంతే. పౌలు అతణ్ణి ప్రియ సహోదరుడని పిలుస్తూనే ఫిలేమోను దగ్గరికి తిరిగి పంపాడు. నష్టం ఏదైనా ఉంటే దాన్ని మరచిపొమ్మని వ్రాయలేదు, తన లెక్కలో వేయమన్నాడు.

"అయితే మళ్లీ శిక్షావిధి కిందికి వెళ్తున్నామా?" అని మీరు అడగవచ్చు. లేదు. దేవుని ముందు మన ఋణం సిలువ మీద తీరింది. తోటి మనిషికి మనవల్ల కలిగిన నష్టం మాత్రం అతని ఇంట్లో ఇంకా అలాగే ఉంది. పాత ఇంజిన్‌తో ఆ బరువు లాగలేక తప్పించుకు తిరిగాం. కొత్త ఇంజిన్ ఇచ్చింది ఆ బరువు లాగడానికి కూడా.

పోయిన నెల అతనికి ఫోన్ చేసి, డబ్బు పంపుతున్నానని చెప్పాను. కాసేపు మౌనంగా ఉండి, "అది అక్క పెళ్లికి దాచిన డబ్బురా" అన్నాడు. ఇన్నేళ్లూ నాకు ఆ సంగతి తెలియదు. నేను అడగలేదు కూడా. డబ్బు పంపాను. అక్కకు క్షమాపణ చెప్పడం ఇంకా మిగిలే ఉంది.

ప్రియులారా, ఊళ్లో వదిలి వచ్చిన బాకీలు మీకూ ఉండవచ్చు. డబ్బు కావచ్చు, తోబుట్టువుతో తెగిన మాట కావచ్చు, తల్లిదండ్రులకు ఇచ్చి తప్పిన మాట కావచ్చు. సముద్రం దాటినా నంబరు మారలేదు. ఈ వారమే ఒక ఫోన్ చేయండి.

మనల్ని నూతనపరచిన ప్రభువు, పాత పేరుతోనే వెళ్లి తప్పు ఒప్పుకునే ధైర్యాన్ని మనకు దయచేయును గాక. ఆమేన్.