ఎవరి వాలు?

ఎనిమిది మంది కలిసి ఆస్ట్రియాకి స్కీయింగుకి వెళ్దామనుకుంటారు. మ్యూనిక్‌లో ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్ళకి ఇదిప్పుడు పెద్ద వింతేం కాదు, సాయంత్రం కారెక్కితే రాత్రి భోజనాల వేళకి టిరోల్‌లో ఉంటారు. ఎనిమిది మందిలో ఇద్దరు పదేళ్ళుగా స్కీలు కట్టినవాళ్ళు, నల్ల గుర్తున్న వాలు పేరు చెబితే కళ్ళు మెరుస్తాయి. ముగ్గురు ఏదో కిందా మీదా పడి దిగగలరు. ఇద్దరికి స్కీ బూటు బరువెంతో కూడా తెలీదు. ఇక ఎనిమిదో మనిషి, పిల్లల్ని చూడ్డానికి ఊర్నించి వచ్చిన అమ్మ. ఆవిడ స్కీలు కట్టదు, కానీ ఆవిడ్ని ఇంట్లో ఒక్కతినీ వదిలి వెళ్ళడం ఎవరికీ ఇష్టం లేదు. మరి ఏ ఊరికి వెళ్ళాలి?

ట్రావెల్ ఏజెంటు తేల్చాల్సిన సంగతిలా కనిపిస్తుంది గానీ, ఇందులో న్యాయానికి సంబంధించిన పాత తగువే ఉంది. శక్తిలో సమానం కానివాళ్ళు కలిసి ఒక నిర్ణయం తీసుకోవాలంటే ఎవరి అవసరాన్ని ముందు లెక్కలోకి తీసుకోవాలి?

మామూలుగా జరిగేదేమిటో అందరికీ తెలుసు. తెలిసినవాడు చెప్తాడు, తెలియనివాళ్ళు తలూపుతారు. కొత్తవాళ్ళకి తమకేం కావాలో తెలియదు సరే, ఏం అడగాలో కూడా తెలియదు. అందుకే "నాకెక్కడైనా ఒకటేలే, మీరు చూడండి" అంటారు. ఆ మాటని అంగీకారం కింద జమ కట్టేసి హోటలు బుక్ చేసేస్తారు. ఓటింగు పెట్టినా ఇంతే. తెలియనివాళ్ళ ఓట్లు తెలిసినవాడి మాట వెంటే పోతాయి.

తెలిసినవాడి వాదన కూడా తీసిపారేసేది కాదు. అతనేమంటాడంటే, "నేర్చుకునేవాళ్ళకి కావలసింది ఓ మెత్తటి వాలు, ఓ టీచరు, పక్కనో కాఫీ కొట్టు. అవి ఆస్ట్రియాలో ఏ స్కీ ఊళ్ళోనైనా దొరుకుతాయి. నాకు కావలసింది కొన్ని చోట్లే దొరుకుతుంది. నా ఊరికెళ్తే వాళ్ళకి పోయేదేం లేదు, నాకు వచ్చేది బోలెడు." అతను బెంథామ్‌ని చదివి ఉండకపోవచ్చు గానీ లెక్క అచ్చంగా బెంథామ్‌దే. మొత్తం సంతోషం ఎక్కడ ఎక్కువైతే అక్కడికే పోదామంటున్నాడు.

నాకు ఈ లెక్కలో రెండు చోట్ల తేడా కనిపిస్తుంది. మొదటిది వాస్తవం దగ్గర. సాంక్ట్ ఆంటోన్‌నే తీసుకోండి. ఆర్ల్‌బెర్గ్‌లో ఉన్న ఈ ఊరు గట్టి స్కీయర్లకి పుణ్యక్షేత్రం లాంటిది, అక్కడి స్కీ క్లబ్బు 1901 నాటిది. ఫ్రాన్సులోలాగా ఆస్ట్రియాలో బాగా తేలిక వాలులకి ఆకుపచ్చ రంగు వేరే ఉండదు. నీలం, ఎరుపు, నలుపు, అంతే. అంచేత ఆ నీలంలోనే పసిపిల్లలు జారే వాలూ ఉంటుంది, గుండె జారే వాలూ ఉంటుంది. సాంక్ట్ ఆంటోన్ నీలాలు మరో ఊళ్ళో అయితే ఎరుపు కిందకి వస్తాయని స్కీయర్లు చెప్పుకోవడం మామూలే. సాయంత్రం కొండమీది జనమంతా కొన్ని దారుల్లోంచే ఊళ్ళోకి దిగుతుంటే, రోజంతా తొక్కుడు పడ్డ మంచు గుట్టలుగుట్టలుగా పేరుకుని ఉంటుంది. మూడో రోజు స్కీయింగు చేస్తున్న మనిషి కాళ్ళు వణుకుతూ అందులో నిలబడితే, పక్కనుంచి మిగతావాళ్ళు బాణాల్లా పోతుంటారు. మెత్తటి వాలు ఎక్కడైనా ఒకటే అన్నవాడు ఆ సమయంలో ఆ చోట నిలబడి చూసినవాడు కాదు.

రెండో తేడా తూకంలో ఉంది. అనుకూలం కాని ఊరికి వెళ్తే బాగా వచ్చినవాడికి కలిగేది విసుగు, కొత్తవాళ్ళకి కలిగేది భయం. విసుగు మర్నాటికి పోతుంది. భయం అలా పోదు, ఒక్క గంట గట్టిగా భయపడిన మనిషి మిగిలిన ఐదు రోజులూ గదిలో కూర్చోవచ్చు, మళ్ళీ జన్మలో స్కీల జోలికి పోకపోవచ్చు. ఈ రెంటినీ ఒకే తూకపురాళ్ళతో తూచి మొత్తం కూడటం నాకు సరిగ్గా అనిపించదు.

పోనీ మధ్యస్థంగా ఉండే ఊరు చూద్దామంటారు కొందరు. ఆ మధ్యస్థపు మనిషి ఈ ఎనిమిది మందిలో ఎవరు? ఆ ముగ్గురేగా! సర్దుబాటు పేరుతో వాళ్ళకి కుదిరింది, మిగతా ఐదుగురికీ కుదరలేదు.

జాన్ రాల్స్ 1971లో అచ్చయిన తన 'ఎ థియరీ ఆఫ్ జస్టిస్'లో ఒక ఉపాయం చెప్పాడు. సమాజంలో నీ స్థానం ఏమిటో నీకే తెలియకుండా ఒక తెర ఉందనుకో, ఆ తెర వెనక కూర్చుని నియమాలు రాయి, అప్పుడవి న్యాయంగా ఉంటాయి అన్నాడు. అలాంటి తెర వెనక నిజంగా కూర్చునేదెవరని చాలామంది కొట్టిపారేస్తుంటారు. మంచుకొండ మీద మాత్రం ఆ తెర కాస్త నిజమే. సోమవారం అందరికంటే బాగా దిగినవాడు మంగళవారం మోకాలి లిగమెంటు తెగి చంకలో కర్రతో ఉండొచ్చు. ఇంకా నాలుగు రోజులుంది. అప్పుడు నడవడానికి చదును చేసిన బాట ఉందా, కేబుల్ కారు స్కీలు లేనివాళ్ళని పైకి తీసుకెళ్తుందా అన్నవి అమ్మ ఒక్కదాని ప్రశ్నలు కాకుండా పోతాయి.

అందరికంటే వెనకబడ్డవాళ్ళ వైపునుంచి చూడమన్నాడు కదా రాల్స్, అది ఎవరన్నది కూడా అంత తేలిగ్గా తేలదు. వేడివేడి సూపూ, ఎండ పడే బల్లా దొరికితే అమ్మ అందరికంటే హాయిగా ఉండొచ్చు. నా లెక్కలో ఎక్కువ నలిగేది ఆ ముగ్గురిలో ఆఖరివాడు. ముందు పోయినవాళ్ళు మలుపు దగ్గర ఆగుతారు, ఊపిరి తీసుకుంటారు, నీళ్ళు తాగుతారు. ఇతను రొప్పుతూ వచ్చి చేరగానే "హమ్మయ్య, వచ్చావా, పద!" అని బయల్దేరతారు. ఎవరికి విశ్రాంతి ఎక్కువ కావాలో వాళ్ళకే దొరకదు. ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు, అందరూ స్నేహితులే.

అంతర్జాతీయ స్కీ సమాఖ్య 1967లో వాలులమీద నడవడికకి పది నియమాలు పెట్టింది. వాటిలో నాకు బాగా నచ్చేది మూడోది. వెనకనించి వచ్చే స్కీయరు, ముందున్నవాళ్ళకి అపాయం కలగని దారి ఎంచుకోవాలి. ముందున్నవాడు వంకరటింకరగా పోతున్నా, చటుక్కున ఆగినా, జాగ్రత్త పడాల్సింది వెనకున్నవాడే. ఇందులో జాలి ఏమీ లేదు. పైన ఉన్నవాడికి కిందది కనిపిస్తుంది, కింద ఉన్నవాడికి వెనక కళ్ళు లేవు. చూడగలిగినవాడి మీదే బాధ్యత పడుతుంది. ఊరు ఎంచుకోవడంలోనూ మ్యాపు చదవగలిగేది బాగా వచ్చినవాడే. అతను కావాలనుకుంటే నీలం వాలు మీదకి దిగి రాగలడు. కొత్తావిడ ఎంత కావాలనుకున్నా నల్ల వాలు మీదకి పోలేదు. ఎంచుకునే వీలు ఎవరికుందో వాళ్ళే కాస్త వంగాలి.

అలాగని వారమంతా అతను పిల్లల వాలు దగ్గర చేతులు కట్టుకుని నిలబడితే? అది ఇంకా ఘోరం. రెండో రోజుకే ఆవిడకి "నావల్ల నీ సెలవు పాడైంది" అన్న దిగులు పట్టుకుంటుంది. త్యాగం చేసినవాడు ఏమీ అనకపోయినా సరే, అవతలివాళ్ళు బాకీ పడ్డట్టే. విడిపోవడం అవమానమేం కాదు. ఇదే సాంక్ట్ ఆంటోన్‌లో హానెస్ ష్నైడర్ 1920లలో స్కీ బడి పెట్టి, వచ్చినవాళ్ళని సామర్థ్యాన్నిబట్టి తరగతులుగా విడగొట్టి నేర్పించాడు. ఆ పద్ధతే ప్రపంచమంతా పాకింది. (నాజీలు ఆస్ట్రియాని ఆక్రమించాక 1938లో ఆయన్ని జైల్లో పెట్టారు. మరుసటేడు అమెరికా చేరి, అక్కడా నేర్పించాడు.) కొత్తవాళ్ళు ఎలాగూ పగలంతా టీచరు దగ్గర ఉంటారు. ఆ గంటల్లో మిగతావాళ్ళు ఎక్కడికి పోయినా ఎవరికీ బాధ లేదు.

కాబట్టి నన్నడిగితే మ్యాపులో కిలోమీటర్లు చూడటం ఆపి, దారులు ఎక్కడ కలుస్తున్నాయో చూడాలి. మైయర్‌హోఫెన్‌లో 78 శాతం వాలున్న 'హరాకిరీ' పెంకెన్ కొండమీద ఉంది. మెత్తటి, విశాలమైన వాలులు అహోర్న్ కొండమీద ఉన్నాయి. రెండూ మంచివే, కానీ వేర్వేరు కొండలు, వేర్వేరు కేబుల్ కార్లు. మధ్యాహ్నం భోజనానికి కలవాలంటే ఒకరు దిగి, ఊరు దాటి, మళ్ళీ ఎక్కాలి. ఒక్కరోజు ఎక్కుతారు, తర్వాత మానేస్తారు. కిట్స్‌బ్యూల్‌లో వేరే సంగతి. ప్రపంచంలోకెల్లా భయంకరమైన పందెం జరిగే స్ట్రైఫ్ అక్కడిదే, నిటారు భాగాల్ని చుట్టుకుని అదే కొండ దిగే మామూలు దారి కూడా ఉంది. ఓబర్‌గుర్గల్‌లో ఊరే 1930 మీటర్ల ఎత్తున ఉంది, మంచుకి లోటుండదు, వాలులు దయగలవి. హోహె ముట్ మీదికి స్కీలు లేనివాళ్ళూ గొండోలాలో పోవచ్చు. కాకపోతే ఆ ఎత్తు అమ్మకి పడుతుందో లేదో డాక్టర్ని అడగాలి, గట్టివాళ్ళిద్దరికీ నాలుగో రోజుకి వాలులు అయిపోతాయి.

ఈ ఎనిమిది మందికీ నా ఓటు సోల్‌కి. ఊరు 700 మీటర్ల ఎత్తులోనే ఉంది కాబట్టి వసంతంలో మంచుకి నమ్మకం లేదు, జనవరి, ఫిబ్రవరిల్లోనే వెళ్ళాలి. గొండోలా మధ్య స్టేషను హోఖ్‌సోల్‌లో తేలిక వాలులూ, హోటళ్ళూ, స్లెడ్జి బాటా అన్నీ ఒక్కచోటే ఉన్నాయి. పెద్ద వాలుల నుంచి వచ్చేవాళ్ళూ అటే వస్తారు. పైన 1829 మీటర్ల హోహె సాల్వే శిఖరం మీద చిన్న చర్చి ఉంది. అమ్మతో ఆ మాట అంటే "కొండమీద గుడా? అయితే నేనూ వస్తా" అంటుంది. గట్టివాళ్ళిద్దరూ ఓ రోజు పొద్దున్నే లేచి కిట్స్‌బ్యూల్ పోయి రావచ్చు, కారులో ఎంతో దూరం లేదు.

ఇంకొక్క మాట, డబ్బు గురించి. "అన్నీ సమానంగా పంచుకుందాం" అనడం పెద్దమనిషి తరహాగా వినిపిస్తుంది. వందల కిలోమీటర్ల వాలులకి ఆరు రోజుల పాస్ అందరికీ కొని ఖర్చు ఎనిమిదితో భాగిస్తే, రెండు లిఫ్టులు మాత్రమే ఎక్కినావిడ గట్టివాళ్ళ సరదాకి చందా ఇచ్చినట్టు లెక్క. కొత్తవాళ్ళకి చిన్న పాస్‌లూ, నడిచేవాళ్ళకి వేరే టిక్కెట్లూ చాలా చోట్ల దొరుకుతాయి. ఎవరికి ఏది కొనాలో హోటలు బుక్ చేసే రోజునే మాట్లాడుకోవాలి. టిక్కెట్ల కౌంటరు ముందు, వెనక ముప్పై మంది బూట్లు టకటకలాడిస్తూ నిలబడి ఉండగా, "నాకు చిన్నది చాలు" అనడానికి ఎవరికీ నోరు రాదు.