అర్థమైందా?

తెలుగులో మనం పాఠాన్ని 'చెప్తాం'. చదువు చెప్పే మాస్టారు, పాఠం చెప్పే టీచరు. అవతల కూచున్నవాళ్ళు నేర్చుకున్నారో లేదో ఆ క్రియకి పట్టదు. చెప్పానంటే చెప్పాను, అంతే. ఉద్యోగంలో చేరేదాకా నాకీ సంగతి తట్టలేదు.

2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డాయి. అందులో ఒకటి నాది: స్కూల్ అసిస్టెంట్, ఫిజికల్ సైన్స్. దసరా సెలవులయ్యాక అక్టోబరులో చేరాను. శ్రీకాకుళం టౌన్లో పుట్టి పెరిగిన నాకు జిల్లాకి ఆ చివర, ఒడిశా సరిహద్దు పక్కన ఉన్న హైస్కూలు వచ్చింది. బస్సెక్కితే గంట లోపే పర్లాకిమిడి. పిల్లల్లో సగం మంది చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు, కొంతమంది కొండ మీది సవర గూడేల నుంచి దిగివచ్చేవాళ్ళు.

చేరిన వారానికే నాకో అనధికార పదవి దొరికింది. 2023 నుంచి మన హైస్కూళ్ళ గదుల్లోకి ఐఎఫ్‌పీలని పెద్ద పెద్ద టచ్ ప్యానెళ్ళు వచ్చాయి కదా. పిల్లలు వాటిని 'టీవీ' అంటారు. పాస్‌వర్డ్ మర్చిపోయినా, వీడియోకి సౌండ్ రాకపోయినా, పదో తరగతి వాళ్ళు ఎనిమిదిలో ఉండగా తీసుకున్న ట్యాబు తెరుచుకోకపోయినా, కబురు నాకే. స్టాఫ్‌లో అందరికన్నా చిన్నదాన్ని, ఫోన్ గబగబా నొక్కేదాన్ని. ఆ అర్హత చాలింది. నిజం చెప్పొద్దూ, గర్వంగానే ఉండేది. సుద్దముక్క వదలని సీనియర్ మాస్టార్ల మధ్య నేను కొత్త కాలాన్ని మోసుకొచ్చినట్టు ఫీలయ్యాను.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. బడి మళ్ళీ తెరిచాక ఏడో తరగతికి గాలి పీడనం, తుపాన్లు చెప్పాలి. ఇంతకన్నా మంచి సమయం ఏముంటుంది? ప్యానెల్ మీద యానిమేషన్ పెట్టాను. వేడెక్కిన సముద్రం మీంచి గాలి పైకి లేస్తుంది, కింద పీడనం తగ్గుతుంది, ఖాళీని నింపడానికి చుట్టూ ఉన్న గాలి పరిగెత్తుకొస్తుంది, భూమి తిరగడం వల్ల ఆ గాలి సుడి తిరుగుతుంది. మధ్యలో గాలులు నెమ్మదించిన చోటు, దాన్నే తుపాను కన్ను అంటారు. నేను జన్మలో బోర్డు మీద గీయలేని బొమ్మ అది. తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది.

"అర్థమైందా?" అన్నాను.

"అర్థమైంది టీచర్!" గది మారుమోగింది.

తర్వాత స్క్రీన్ మీదే క్విజ్. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. అందరూ ఒకే గొంతుతో సరైనవే చెప్పారు. ఫోటో తీసి స్టాఫ్ గ్రూపులో పెట్టాను. బోలెడన్ని బొటనవేళ్ళు లేచాయి. పాఠం పూర్తయిందని రాసుకున్నాను.

రెండు వారాల తర్వాత చిన్న పరీక్ష పెట్టాను. 'తుపాను కన్ను అంటే ఏమిటి?' ఆఖరి వరసలో, కిటికీ పక్కన కూచునే గూడెం పిల్ల ఇలా రాసింది: 'తుపానుకి కన్ను ఉంటాది. కన్నుతో సూసి ఇళ్ళ మీదకి వస్తాది.'

నవ్వొచ్చింది. సున్నా వేశాను. ఇంటికొచ్చి కాగితాలు సర్దుతుంటే మళ్ళీ అదే జవాబు కంటబడింది. ఈసారి నవ్వు రాలేదు. 'కన్ను' అనేది పోలిక అని ఆ పిల్లకి ఎవరు చెప్పారు? వీడియో చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇంట్లో సవర మాట్లాడుకుని, బడి తెలుగుని పరాయి వస్తువులా పట్టుకునే పిల్లకి మేమిద్దరం కలిసి ఒక కన్నుని చూపించాం. కన్ను చేసే పనేమిటో ఆ పిల్ల తనకు తెలిసినంతలో రాసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలకూల్చినప్పుడు ఆమెకి ఐదేళ్ళుంటాయి. ఇళ్ళ మీదకి రావడం ఆమె కల్పించింది కాదు.

సాహిత్యం చదివేవాళ్ళకి ఇక్కడో ప్రమాదం ఉంది. 'ఎంత చక్కటి ఊహ! ఇది కవిత్వం!' అని మురిసిపోవచ్చు. నేనూ ఓ పూట మురిశాను. కానీ రేపు పదో తరగతి పేపరు దిద్దేవాళ్ళు మురిసిపోరు. ఆమెకి పీడనం అంటే ఏమిటో తెలియాలి. అది ఆమె హక్కు. కవిత్వం అని పేరు పెట్టేసి వదిలేస్తే, సున్నా వేసి వదిలేసినట్టే, కాకపోతే కొంచెం మర్యాదగా.

మర్నాడు అదే వీడియో సౌండ్ తీసేసి పెట్టాను. అదే గూడెం నుంచి వచ్చే ఓ కుర్రాడికి తెలుగు బాగా వచ్చు. వాణ్ణి పిలిచి, "నువ్వు మీ మాటల్లో చెప్పు" అన్నాను. కాసేపు సిగ్గుపడ్డాడు. తర్వాత అందుకున్నాడు. స్క్రీన్ మీద వేలు పెట్టి ఆపాడు, వెనక్కి జరిపాడు, చేతులు తిప్పాడు. ఆ పిల్ల రెండుసార్లు అడ్డుపడి ఏదో అడిగింది. నా క్లాసులో ఆమె గొంతు వినడం అదే మొదటిసారి. ఒకసారి లేచి వచ్చి ఆ తెల్లటి సుడి నడుమ వేలు పెట్టింది. ఇద్దరూ వాదించుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

అయ్యాక వాడు నా వైపు తిరిగి నవ్వాడు. "అర్దమయిందేటి టీచర్?"

నేను తలూపాను.

ఎవరూ గమనించలేదు. పాఠం ముందుకు సాగింది. ఆ తలూపు మాత్రం నన్ను వదల్లేదు. ఎందుకూపాను? వాణ్ణి మోసం చేద్దామని కాదు. అంత హుషారుగా చెప్పినవాడి మనసు నొప్పించడం ఇష్టంలేక, గదిలో తెలియనిదాన్ని నేనొక్కదాన్నే అని ఒప్పుకోలేక, నా వల్ల అందరూ ఆగిపోవడం దేనికని. అంటే అది అర్థమైనందుకు గుర్తు కాదు, చెప్పినవాడికి చేసిన మర్యాద. మరి ఇన్నాళ్ళూ నేను లెక్కబెట్టిన తలలు? గ్రూపులో పెట్టిన ఫోటో? పిల్లలు నాకు చేసిన మర్యాదని వాళ్ళు నేర్చుకున్న చదువుగా రాసుకున్నాను.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. 'అర్థమైందా' అన్న ప్రశ్నలో ఆ లోకువ ఉంది. అర్థం కాకపోతే ఆ మాట పైకి చెప్పాల్సిన బరువంతా గదిలో అందరికన్నా బలహీనంగా ఉన్న మనిషి మీద పడుతుంది.

రాత అనేది కొత్త టెక్నాలజీగా ఉన్న రోజుల్లో ప్లేటో 'ఫీడ్రస్'లో సోక్రటీస్ చేత ఓ ఫిర్యాదు చేయిస్తాడు. రాసిన మాటలు బొమ్మల్లాంటివి, ప్రాణమున్నట్టే కనిపిస్తాయి, కానీ ప్రశ్న వేస్తే ఎప్పుడూ అదే సంగతి చెప్తాయి అని. ఆ ఫిర్యాదు కూడా మనకి రాత వల్లే అందింది, అది వేరే కథ. నా వీడియోకీ అది సరిపోతుంది. కానీ వీడియోని తప్పుపట్టి నేను తప్పించుకోలేను. దానికి ఆపే గుర్తు ఉంది, వెనక్కి జరిపే గీత ఉంది. ఆ కుర్రాడు రెండూ వాడుకున్నాడు. నేనే వాడలేదు. పైగా అది నాకో సాకు ఇచ్చింది. ఇదివరకు సుద్దముక్కతో చెప్పి, పిల్లలకి రాకపోతే మాస్టారికి కాస్తయినా అనుమానం ఉండేది, సరిగ్గా చెప్పలేదేమోనని. అంత చక్కటి బొమ్మ చూపించాక ఆ అనుమానం నాకు రాలేదు. బొమ్మ బాగుంది, కాబట్టి లోపం పిల్లలది. ఆ సున్నా అలా పడింది.

మా స్టాఫ్ రూమ్‌లో గిడుగు రామమూర్తి గారి ఫోటో ఉంది. ఆగస్టు 29న దండ వేస్తారట. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగానే నాకు తెలుసు. ఇప్పుడు ఆ ఫోటోని ఇంకోలా చూస్తున్నాను. 1880లో, పదిహేడేళ్ళ వయసులో, ఆయన ఈ పక్కనే పర్లాకిమిడి రాజావారి స్కూల్లో మాస్టారుగా చేరారు. సవరలకి చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తాను శిష్యుడయ్యారు. సవర వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. తర్వాతే పుస్తకాలు, బడులు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. మన్యంలో తిరిగి తెచ్చుకున్న మలేరియాకి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయిందని ఆయన జీవిత చరిత్రలు చెప్తాయి. వినడం కోసం వెళ్ళిన మనిషి చెవులు పోగొట్టుకున్నాడు.

నేను గిడుగుని కాను. కొన్నేళ్ళకి బదిలీ వస్తుంది, పెట్టుకుంటాను కూడా. నోటుబుక్కు వెనక పేజీల్లో ఓ పాతిక సవర మాటలు రాసుకున్నాను, అంతే. స్టాఫ్ గ్రూపులో ఆ ఫోటో అలాగే ఉంది. దాని కింద 'ఇది నిజం కాదు' అని రాసే ధైర్యం నాకింకా రాలేదు. సున్నా మాత్రం కొట్టేశాను. దాని స్థానంలో ఏం వేయాలో తెలియక ఖాళీగా వదిలి, ఆ ప్రశ్న మళ్ళీ అడుగుతానని ఆ పిల్లకి చెప్పాను.

'అర్థమైందా' అని అడగడం మానేశాను. "ఎక్కడ ఆపమంటారు?" అని అడుగుతున్నాను. మొదట్లో ఎవరూ పలకలేదు. ఈ మధ్య ఒకరోజు వీడియో నడుస్తుంటే కిటికీ పక్కనుంచి చిన్న గొంతు వినిపించింది. "అక్కడాపు టీచర్."

ఆపాను. ఆ మాటని సవరలో ఏమంటారో అడిగి రాసుకున్నాను.