హావ్ దగ్గర తడబడకు బిడ్డా

బిడ్డా, ఇంటర్వ్యూ కోసం నువ్వు రికార్డు చేసి పంపిన పరిచయం విన్న. గొంతు నిలకడగ ఉంది, బెదురు లేదు. ఒక్క కాడ మాత్రం నాకు నచ్చలే: "ఐయామ్ హావింగ్ టు సిస్టర్స్" అన్నవు. జనగామల, మానుకోటల, మీ భూపాలపల్లిల అందరు అట్లనే అంటరు, ఢిల్లీల సుత అంటరు. అయినా నువ్వు దిద్దుకో.

తప్పు నీది కాదు, అసలు 'హావ్' అసొంటి క్రియే మనకు లేదు. "నాకు ఇద్దరు చెల్లెండ్లున్నరు" అంటం. ఆ మాటల ఉన్నది చెల్లెండ్లు. ఇంగ్లీషుల మాత్రం 'ఐ' ముందుకొచ్చి కూసుంటది. ఉర్దూ మాట్లాడేటోళ్లు 'మేరే పాస్ హై' అంటరు, రష్యావాళ్లు సుత 'నా దగ్గర ఉంది' అన్న తీరుగనే చెప్తరు. గైడ్లల్ల 'హావ్'కు 'కలిగి ఉండు' అని అర్థం రాస్తరు. మానుకోట మార్కెట్ల ఏ రైతన్న "నేను నాలుగెకరాలు కలిగి ఉన్నాను" అంటడు? ఆ గైడ్లు రాసేటోళ్లు ఇంట్ల ఎవరితోని మాట్లాడరేమో! ఆ అర్థం కొట్టేయ్.

ఇల్లు, చెల్లెండ్లు, జ్వరం ఇవన్నీ ఉన్న సంగతులు. వీటికి 'హావింగ్' రాదు, 'ఐ హావ్' చాలు. చేస్తున్న పనైతే వస్తది. అన్నం తినేటప్పుడు ఫోనొస్తే "ఐయామ్ హావింగ్ లంచ్" అను, దాన్ల తప్పేం లేదు. "షి హాజ్" నీకు తెలుసు, కాని ప్రశ్నల "డస్ షి హాజ్" అనకు. 'డస్' వచ్చినంక మళ్ల 'హావే'. మీ బాపు సింగరేణిల సెకండ్ షిఫ్టుకు పోవాలెనంటే "హి హాజ్ టు గో". అది అల్కటిదే.

అసలు చిక్కు ఇంకోటుంది. "ఐ హావ్ పాస్డ్ ఇంటర్ ఇన్ 2022" అన్నవు సూడు, సంవత్సరం చెప్పినవంటే హావ్ పోవాలె: "ఐ పాస్డ్". నిన్న, మొన్న, పోయినేడు అన్నా అంతే. మన జనగామ, మానుకోట, భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబర్ 11న పుట్టినయి. ఆ తేదీ చెప్తే "వర్ ఫార్మ్డ్" అనాలె. తేదీ ఊసెత్తకుండ, జిల్లా అయినంక ఇయ్యాల్టిదాక ఊరు ఎట్ల మారిందో చెప్పాలంటే అప్పుడు "భూపాలపల్లి హాజ్ చేంజ్డ్ ఎ లాట్". నిన్న వరంగల్ పోయొస్తే "ఐ హాడ్ గాన్" అని బరువు పెట్టకు, "ఐ వెంట్" చాలు. హన్మకొండ బస్టాండుకు నువ్వు చేరేసరికే మీ బస్సు పోయిందనుకో, అక్కడ కావాలె హాడ్: "ద బస్ హాడ్ లెఫ్ట్". రెండు సంగతుల్ల ముందుగ అయినదానికే అది.

గైడ్లు కొనకు. మీ తమ్ముని సర్కారు బడి పుస్తకం తియ్యి. 2022-23ల ఇంగ్లీషు మీడియం పెట్టినప్పుడు ఒక పేజీల తెలుగు, పక్క పేజీల ఇంగ్లీషు అచ్చేసి ఇచ్చిన్రు. తెలుగు దిక్కు 'ఉంది', 'ఉన్నాయి' కనబడ్డకాడల్లా ఆగి, పక్క పేజీల ఏమున్నదో సూడు. అంతట హావ్ ఉండదు. "ఊర్లె చెరువున్నది" అంటే "దేర్ ఈజ్" వస్తది, "మా ఊరికి రెండు చెరువులున్నయి" అంటే "అవర్ విలేజ్ హాజ్". రోజు ఒక పేజీ సదువు, పైకి సదువు.