ఎవరి చేతిలో?

గృహప్రవేశం రోజు పాలు పొంగాలి. పొంగేదాకా అందరం పొయ్యి చుట్టూ నిలబడతాం. గిన్నె అంచు దాటి నాలుగు చుక్కలు కింద పడగానే ముఖాలు వెలిగిపోతాయి. మర్నాడు పొద్దున్న అదే వంటింట్లో, అదే గిన్నెలో పాలు పొంగితే మొదట వినబడే మాట, "ఎవరు పెట్టారు పొయ్యి మీద?" పాలు రెండు రోజులూ చేసింది ఒకటే పని. మన ప్రశ్నే వేరు.

తాళంచెవి కనబడదు. బయల్దేరబోతుంటే చెప్పు తెగుతుంది. ఇస్త్రీ చీర మీద కాఫీ ఒలుకుతుంది. ఇలాంటి వాటిలో చాలావాటిని ఎవరూ కావాలని చెయ్యరు. అయినా ఒక మనిషి దొరికేదాకా మనసు ఊరుకోదు. దొరికే మనిషి కూడా దాదాపు ఎప్పుడూ ఇంట్లో తిరిగి మాట్లాడలేని మనిషే: కొత్త కోడలు, పనమ్మాయి, లేదా చిన్నపిల్లాడు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అన్న సామెత ఎన్ని ఇళ్ళ కన్నీళ్ళు చూసి పుట్టిందో.

మా ఇంట్లో పగిలింది ఆవకాయ జాడీ. ఆవకాయ కలిపిన మూడోనాడు, తిరగకలపాల్సిన రోజు. అప్పుడే కాపురానికి వచ్చిన వదిన వాసెన విప్పి, జాడీని పీట మీదకి మార్చబోయింది. నూనె ఓడిన జాడీ చేతుల్లోంచి జారిపోయింది. ఎర్రగచ్చు మీద నూనె పరుచుకుంటూ గడపదాకా వచ్చింది. పచ్చి ఆవఘాటు కళ్ళలోకి కొట్టింది. ఒక్కొక్కరే వచ్చి గుమ్మంలో నిలబడుతున్నారు. ఊరగాయ పాడైతే ఇంటికి అరిష్టమని నమ్మే రోజులు. "ఈ పిల్ల కాలుపెట్టిన వేళావిశేషం" అన్న మాట ఎవరి నోటి నుంచైనా రాగలిగేదే. ఈలోగా నాయనమ్మ ముందుకొచ్చి, "కదలకమ్మా, పెంకులు గుచ్చుకుంటాయి" అంది. ఆ తర్వాత అందరికీ వినబడేలా, "తలకొచ్చింది తలపాగాతో పోయింది, ఇంటికి మంచిదే" అంది. తవుడు చల్లి ఊడ్చేశారు. ఆ సంవత్సరం పక్కింటి ఆవకాయ తిన్నాం.

ఏ ఆపద ఆ జాడీతో పోయిందో నాయనమ్మకి తెలుసని నేననుకోను. తెలుసుకోవాలని కూడా ఆవిడ అనుకోలేదు. మరొకరి నోట మరో మాట రాకముందే ఆ మాట అనేసింది. మన శకునాల్లో, నమ్మకాల్లో నాకు బాగా నచ్చే సంగతి ఇది. వాటిలో నిజమెంతో చూసేముందు, అవి ఎవరి నెత్తిన పడుతున్నాయో, ఎవరి నెత్తిన పడకుండా ఆపుతున్నాయో చూడాలనిపిస్తుంది.

చాలా ఏళ్ళ తర్వాత, తనూ అత్తగారయ్యాక, వదిన నాకొక కల చెప్పింది. గోదావరి నీళ్ళ మీద ఆర్టీసీ బస్సు పోతోందట. కండక్టరు నాయనమ్మ. భుజాన తోలుసంచి వేసుకుని టికెట్లు చింపి ఇస్తోంది. వదిన ఒళ్ళో జాడీ, అందులోంచి బడిగంట మోగుతోంది. బస్సు కుదిపితే జాడీ జారి పగిలింది. నాయనమ్మ టికెట్లు చింపడం ఆపి, "ఎవరి చేతిలో?" అంది. ఆ మాటకే మెలకువ వచ్చిందట. అది తరచూ వచ్చే కల. బస్సు నీళ్ళ మీద పోవడం, పోయిన మనిషి టికెట్లు ఇవ్వడం కలలో తనకి వింతగానే తోచవు. భయమంతా ఆ ప్రశ్న దగ్గరే. నిజానికి నాయనమ్మ ఆ ప్రశ్న ఎన్నడూ అడగలేదు.

బస్సు వింతగా తోచకపోవడానికి కారణం ఇప్పుడు కొంత తెలుసు. షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ 1953లో, నిద్రలో కనుగుడ్లు రెప్పల కింద వేగంగా కదిలే దశ ఒకటుందని ప్రకటించారు. స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చేది ఆ దశలోనే. అప్పుడు మెదడులో ఉద్వేగాల భాగాలు చురుగ్గా ఉంటాయి. ఇదెలా సాధ్యమని నిలదీసే ముందుభాగం మందగిస్తుంది. అందుకే బస్సుని నిలదియ్యం, భయం మాత్రం నిజంగానే పడతాం. 1966లో కాల్విన్ హాల్, వాన్ డి కాజిల్ కాలేజీ విద్యార్థుల కలలు వెయ్యి తీసుకుని, వాటిలో ఏముందో వర్గాలుగా లెక్కకట్టారు. ఎవరూ కావాలని చెయ్యకుండా జరిగిపోయే నష్టాలకు ఒక ప్రత్యేక వర్గం పెట్టారు. వస్తువు పోవడం, దారి మూసుకుపోవడం, పడిపోవడం లాంటివి అందులోకి వస్తాయి. దాదాపు మూడోవంతు కలల్లో అవి ఉన్నాయి. ఊరికే కలిసొచ్చే అదృష్టం ఉన్న కలలు నూటికి ఆరు. పగటి అపశ్రుతులు మనం అనుకున్నంత తేలిగ్గా వదిలిపోవని దీన్నిబట్టి నాకు అర్థమవుతుంది.

బృహదారణ్యకోపనిషత్తు కల గురించి ఒక లోతైన మాట చెబుతుంది. అక్కడ రథాలుండవు, గుర్రాలుండవు, దారులుండవు; అన్నిటినీ కలగనేవాడే కల్పించుకుంటాడు, కర్త అతడే. చిన్నప్పుడు ఇది విన్నప్పుడు గొప్ప స్వేచ్ఛలా తోచింది. వదిన కల విన్నాక మరోలా తోస్తోంది. జాడీని తనే కల్పించుకుంది, కుదుపునీ తనే కల్పించుకుంది. తనను కాపాడిన మనిషి నోట ఆ ప్రశ్ననీ తనే పెట్టింది. ఆ ఇంట్లో ఎవరూ అనకపోయినా, అంతకుముందు విన్న ఎన్నెన్ని ఇళ్ళ కథల్లోంచో ఆ మాట ఆమెలోకి చేరి ఉంటుంది. ఆడపిల్లని అత్తవారింటికి పంపేటప్పుడు చెప్పే జాగ్రత్తలన్నిటి వెనకా అదే మాట దాగి ఉంటుంది కదా.

కలని అడ్డుపెట్టి ఒకరిని కాపాడిన కథ మనకు తెలిసిందే. సుందరకాండలో త్రిజట ముసలి రాక్షసి. తక్కిన రాక్షస స్త్రీలు సీతను చంపి తింటామని బెదిరిస్తుంటే నిద్రలేచి తన కల చెబుతుంది. ఒళ్ళంతా నూనెతో, గాడిదలు కట్టిన రథమెక్కి రావణుడు దక్షిణ దిక్కుగా పోతున్నాడు. సీతను క్షమించమని వేడుకోండి అంటుంది. వాల్మీకి ఆ కలను జరగబోయే కథకి సూచనగా వాడుకున్నాడు, నిజమే. నాకు మాత్రం ఆ సమయంలో సీత కూర్చున్న చెట్టు కింద జరిగిందే ముఖ్యం. చుట్టూ శత్రువులే ఉన్న ఒంటరి స్త్రీ మీదికి వస్తున్న మాటలను ఒక ముసలావిడ ఆపింది. ఆవిడ చేతిలో ఉన్నది ఒక కల మాత్రమే.

అలాగని అన్నిటినీ తలపాగా లెక్కలో వేసి వదిలెయ్యమని నేననను. ఈమధ్య మా వీధిలో ఒకాయన వానలో స్కూటరు మీద వస్తూ, నీళ్ళ కింద కనబడని గుంతలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పలకరించడానికి వెళ్తే మంచం మీద నుంచే, "రాత్రే కలొచ్చిందండీ, పళ్ళు ఊడినట్టు. ఏదో జరుగుతుందనుకుంటూనే ఉన్నాను. గ్రహచారం" అన్నాడు. వచ్చినవాళ్ళందరూ తలలూపారు. టైము బాగాలేకపోతే ఇంతే అన్నారు.

ఆ గుంత పైపుల కోసం తవ్వింది, వానలు మొదలయ్యేముందు నుంచీ అలాగే ఉంది. దాన్ని తవ్వించినవాళ్ళున్నారు, పూడ్చాల్సినవాళ్ళున్నారు, పూడ్చినట్టు బిల్లు పెట్టినవాళ్ళు కూడా ఉండే ఉంటారు. "ఎవరు?" అని గట్టిగా అడగాల్సిన చోటు అది. అక్కడ కల అడ్డొచ్చింది. అదే గదిలో, మాకు టీ తెస్తున్న పనమ్మాయి చేతిలో కప్పు పగిలింది. ఆయన భార్య వంటింట్లోంచే, "కళ్ళెక్కడ పెట్టుకున్నావే?" అని కేక వేసింది. ఆ అమ్మాయికీ రాత్రి ఏదైనా కల వచ్చి ఉండచ్చు. ఆమెను ఎవరూ అడగలేదు.

నేను వంగి పెంకులు ఏరబోతే ఆ అమ్మాయి కంగారుపడి వద్దంది. ఇద్దరం కలిసి ఏరాం. తర్వాత ఆయన దగ్గర కూర్చుని గుంత మాట ఎత్తాను. మొదట వద్దన్నాడు, కలొచ్చాక ఇంకెవర్ని అంటామన్నాడు. ఆస్పత్రి బిల్లుల మాట వచ్చేసరికి కాస్త మెత్తబడ్డాడు. అర్జీ నేనే రాశాను. గుంత ఎక్కడుంది, ఎప్పుడు తవ్వారు, ఎవరి కాలు విరిగింది, అన్నీ రాసి చదివి వినిపిస్తే సంతకం పెట్టాడు. పనమ్మాయి కూడా సంతకం పెడతానంది. రోజూ ఆ గుంత పక్కనుంచే నడిచి పనికి వస్తుందట.