స్టైపెండ్ వస్తున్నా సహాయం అడగవచ్చా?

పిఠాపురం నుంచి ఒక విద్యార్థి మాకు ఉత్తరం రాశాడు. తండ్రి దర్జీ. కుర్రవాడు గేట్ పరీక్షలో అర్హత సాధించి కాకినాడలో ఎం.టెక్ చదువుతున్నాడు. ఏఐసీటీఈ నుంచి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. నిరుడు రంజాన్‌లో మస్జిద్ కమిటీవారు చదువుకునే పిల్లలకు జకాత్ సొమ్ము పంచినప్పుడు ఇతనూ దరఖాస్తు పెట్టాడు. ఆదాయం ఎంత అన్నచోట తహశీల్దారు ఇచ్చిన ధ్రువపత్రంలోని అంకె వేశాడు. అది తండ్రి సంపాదన. స్టైపెండ్ సంగతి వారు అడగలేదు, ఇతను చెప్పలేదు. సొమ్ము అందింది. “నేను అబద్ధం రాయలేదు. అయినా మనసు కుదుటపడటం లేదు. ఈ ఏడాది మళ్ళీ పెట్టుకోవచ్చా?” అని అడుగుతున్నాడు.

మనసు కుదుటపడకపోవడం మంచి సూచనే. ఏ పని మనసులో గుచ్చుకుంటూ ఉంటుందో, ఏది నలుగురికీ తెలియడం మనకు ఇష్టం ఉండదో, దాన్ని దైవప్రవక్త (స) పాపానికి గుర్తుగా చెప్పారు. అలాగని ఈ అబ్బాయిని దోషిగా నిలబెట్టే తొందర మాకు లేదు.

నెలకు 12,400 రూపాయలంటే సంపద కాదు. హాస్టల్, మెస్, పుస్తకాలు పోగా ఇంటికి పంపేది ఎంత? పైగా అది నెలనెలా ఠంచనుగా రాకపోవచ్చు. మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022లో నిలిపివేశాక పై చదువులకు వెళ్ళే మన పిల్లలకు ఉన్న దారుల్లో ఒకటి మూసుకుపోయింది. జకాత్ ఎవరికి చెల్లుతుందో దివ్య ఖుర్ఆన్ తౌబా సూరా 60వ వచనం చెబుతోంది. నిరుపేదలతోపాటు అప్పుల్లో కూరుకున్నవారు కూడా ఆ జాబితాలో ఉన్నారు. హనఫీ ధర్మవేత్తల ప్రకారం, సంపాదన ఉన్నా అవసరాలకు పోగా 52.5 తులాల వెండి విలువైనంత మిగలనివాడికి జకాత్ ఇస్తే అది చెల్లుతుంది. కాబట్టి స్టైపెండ్ వస్తున్నంత మాత్రాన ఎవరూ అనర్హులైపోరు.

అయితే పుచ్చుకోవడం వేరు, అడగడం వేరు. ఈ తేడాను మనవాళ్ళు తరచూ మరచిపోతుంటారు. ఆ రోజుకు తిండి ఉన్నవాడు చేయి చాపడం తగదని అదే ధర్మవేత్తలు అన్నారు. విద్యార్థుల విషయంలో కొందరు సడలింపు ఇచ్చిన మాట కూడా నిజమే. ఒకసారి దైవప్రవక్త (స) హజ్రత్ ఉమర్ (రజి)కు కొంత సొమ్ము ఇవ్వబోతే, నాకంటే అవసరమున్నవారికి ఇవ్వండని ఆయన అన్నారు. అడగకుండా, ఆశపడకుండా వచ్చినదాన్ని తీసుకోమనీ, రానిదాని వెంట మనసును పోనివ్వవద్దనీ ప్రవక్త (స) నేర్పారు. మరో హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. హజ్రత్ ఖబీసా (రజి) సహాయం కోరి వచ్చినప్పుడు, అడగడం ముగ్గురికే తగునని ప్రవక్త (స) చెప్పారు. వారిలో ఒకడు లేమిలో పడ్డవాడు. అయితే అతని లేమి గురించి అతని వారిలోని ముగ్గురు వివేకవంతులు సాక్ష్యం చెప్పాలి. అంటే అవసరం ఉందో లేదో తేల్చేది అడిగేవాడు ఒక్కడే కాదు. అతని స్థితిగతులు తెలిసినవారు తేల్చాలి.

ఈ అబ్బాయి పొరపాటు ఇక్కడే ఉంది. అతని అవసరం నిజమే కావచ్చు. కానీ స్టైపెండ్ సంగతి దాచడంతో ఆ తీర్పును కమిటీ చేతిలోంచి తీసి తానే చెప్పేసుకున్నాడు. జకాత్ వారి సొంత డబ్బు కాదు, వారి దగ్గరున్న అమానత్. ఆ వరుసలో స్టైపెండ్ కూడా లేని మరో విద్యార్థి ఉన్నాడేమో వారికి తెలియాలి కదా!

కమిటీలకు కూడా ఒక మాట. ఇమాం అబూ హనీఫా తన శిష్యుడు అబూ యూసుఫ్ చదువు పేదరికం వల్ల ఆగిపోకుండా డబ్బు ఇస్తూ వచ్చారు. అయిపోయిందని శిష్యుడు ఎన్నడూ చెప్పలేదట, గురువే కనిపెట్టి ఇచ్చేవారట. మనం మాత్రం ఫారం ఇచ్చి, ఒక గడి పెట్టి, అందులో రాయనిదాన్ని పట్టించుకోం. పిఠాపురం రాజావారి పేరుతో కాకినాడలో పి.ఆర్. కళాశాల నేటికీ నడుస్తోంది. చదువుకు ఇవ్వడం ఆ ప్రాంతానికి కొత్త కాదు. ఇచ్చేముందు ఇంటికి వెళ్ళి పలకరించడమే తక్కువైంది.

ఇంకొకటి. స్టైపెండ్ తీసుకునే వ్యవధిలో వేరే ఏ స్కాలర్‌షిప్పూ, ఆర్థిక సహాయమూ తీసుకోకూడదని ఏఐసీటీఈ షరతు. ఒప్పుకుని తీసుకున్నాక అది వాగ్దానం. మాయిదా సూరా మొదటి వచనమే ఒప్పందాలను నెరవేర్చమంటుంది. జకాత్ ఆ షరతు కిందకు వస్తుందో రాదో కాలేజీ ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి. స్టైపెండ్ ఆలస్యమై ఇబ్బందిపడేవారికి చేబదులు మేలు. ఖర్జె హసనా అడగడంలో చిన్నతనం లేదు, డబ్బు రాగానే తీర్చేయవచ్చు.

ఇక నిరుటి సొమ్ము. దాన్ని గుట్టుగా హుండీలో వేసి చేతులు దులుపుకోవద్దు బాబూ. ఇమాం సాహెబ్‌నో, కమిటీ పెద్దనో కలిసి స్టైపెండ్ ఎంతో, ఇంటి అప్పు ఎంతో, రెండూ చెప్పు. ఉంచుకోమంటే ఉంచుకో. తిరిగి ఇవ్వమంటే గడువు అడిగి, నెలకు కొంత చొప్పున ఇచ్చేయి. ఈ ఏడాది దరఖాస్తులో వారు అడిగినా అడగకపోయినా 12,400 అని రాసి, దాని కిందే నీ ఇబ్బంది కూడా రాయి.