గడప దాటిన నీరు ఎవరి బాధ్యత?

కృష్ణా తీరాన ఒక చిన్న పట్టణం. జుమా నమాజు ముగిశాక కొందరు సోదరులు ఒక అర్జీ తీసుకుని మా వద్దకు వచ్చారు. మురుగునీటి శుద్ధి కేంద్రం తమ వీధి చివర కడితే దుర్వాసన వస్తుందని, దోమలు పెరుగుతాయని, దాన్ని అక్కడ కట్టరాదని అందులో రాసి ఉంది. సంతకం పెట్టడానికి మేము కలం అందుకున్నాము. ఇంతలో ఒక పెద్దాయన, “మౌలానా సాబ్, ఇక్కడ వద్దు, సరే. మరి ఇప్పుడు ఆ నీళ్లు ఎటు పోతున్నాయి?” అని అడిగారు. మా కలం ఆగిపోయింది.

ఆ నీళ్లు కాలువ గుండా నదిలోకే పోతున్నాయి. దిగువన ఉన్న పల్లెల వారు అవే నీళ్లను పశువులకు తాపుతున్నారు, పొలాలకు పెడుతున్నారు.

అది ఎంత నీరో ఆలోచించండి. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు సరఫరా చేయాలన్నది ప్రమాణం. వాడిన నీటిలో దాదాపు 80 శాతం మురుగుగా బయటికి వస్తుంది. ఆ లెక్కన 20 వేల జనాభా గల ఊరు నుండి రోజుకు 21 లక్షల లీటర్లకు పైగా మురుగు వెలువడుతుంది. మన గుసుల్ నీళ్లు, వంటింటి నీళ్లు, మరుగుదొడ్డి నీళ్లు అన్నీ అందులోనివే.

మనం పరిశుభ్రత పొంది, ఆ మాలిన్యాన్ని మరొకరి నీటిలో కలిపితే అది ఎలాంటి పరిశుభ్రత? ప్రజలు నీటికోసం వచ్చే చోట మలవిసర్జన చేయడం శాపానికి కారణమవుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఒక్క మనిషి చేసే పనికే ఇంత హెచ్చరిక ఉంటే, ఊరంతా కలిసి పైపు వేసి చేసే పనిని ఏమనాలి?

“ఎంత శుద్ధి చేసినా మురుగు మురుగే కదా?” అని కొందరు అడుగుతారు. శుద్ధి కేంద్రంలో ముందుగా జాలీల వద్ద చెత్తను ఆపుతారు, ఇసుకను తేరుస్తారు. ఆ తరువాత నీటిలోకి గాలి పంపితే సూక్ష్మజీవులు మాలిన్యాన్ని తినివేస్తాయి. మడ్డి అడుగుకు చేరాక పైనున్న తేట నీటిలో క్రిములను చంపుతారు. నజాసత్ వల్ల రంగు, రుచి, వాసనలలో ఏది మారినా ఆ నీరు అపవిత్రమని ఫిఖ్హ్ పండితులు చెప్పారు. శుద్ధి చేశాక ఈ మూడింటిలో నజాసత్ జాడ లేకపోతే ఆ నీరు పవిత్రమేనని సౌదీ అరేబియా అగ్రశ్రేణి పండితుల మండలి 1978లో నిర్ణయించింది. అయితే ఆరోగ్యం దృష్ట్యా దాన్ని తాగకుండా ఉండటమే మంచిదని కూడా సూచించింది.

ఇక ఆ వీధివారి భయం కూడా అబద్ధం కాదు. కరెంటు పోయి గాలి పంపే యంత్రాలు ఆగితే సూక్ష్మజీవులు చస్తాయి, దుర్వాసన పుడుతుంది. ఎవరికీ హాని కలిగించరాదన్న ధర్మసూత్రం దిగువ పల్లెలకు ఎంత వర్తిస్తుందో, ఈ వీధికీ అంతే వర్తిస్తుంది. కాని తమకు రాబోయే ఇబ్బందికి భయపడి, ఇతరులు ఇప్పటికే అనుభవిస్తున్న హానిని కొనసాగించమనడం న్యాయం కాదు.

అందుకే మేము ఆ అర్జీపై సంతకం చేయలేదు. అందరం కూర్చుని మరో అర్జీ రాశాము. ఇళ్లకు తగినంత ఎడం ఉంచాలి, చుట్టూ చెట్లు నాటాలి, జనరేటరు పెట్టాలి, నీటి పరీక్షల ఫలితాలను ప్రతి నెలా వార్డు ప్రజలకు చూపాలి అని కోరాము. ఆ పెద్దాయనే అందరికంటే ముందు సంతకం చేశారు.

మన గడప దాటిన నీరు మన కళ్లకు కనిపించదు. కాని అది ఎవరి ముంగిట చేరుతుందో అల్లాహ్‌కు తెలుసు. కంటికి కనిపించని పొరుగువారి హక్కును కూడా నెరవేర్చే భాగ్యాన్ని ఆయన మనకు ప్రసాదించుగాక! ఆమీన్.